చప్పుడు, వణుకు, నీటి పరుగు: వీటి వెనక లెక్కల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పడం నా పని. ఊరు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ దిక్కు. క్లాసులో పిల్లలు అడిగేవి, ఊరికి పోతే మా అన్న, చుట్టుపక్కల రైతులు, మిల్లుల్లో పనిచేసే దోస్తులు అడిగేవి తిరిగి తిరిగి ఒకే గణితం దగ్గరికి వస్తున్నాయి. అందుకే అన్నిటికీ ఒక్క చోట జవాబులు రాస్తున్నాను. ఫార్ములాలు మాటల్లోనే చెప్పాను. పక్కన నోటుబుక్కు, పెన్ను పెట్టుకోండి, నేను వేసిన ప్రతి అంకెనూ మీరూ వేసి చూడండి.

ధ్వని, కంపనం, నీటి ప్రవాహం మూడు వేరు వేరు సబ్జెక్టులు కదా సార్, కలిపి ఎందుకు చెబుతారు?

పైకి వేరు, లోపల ఒకటే కథ. ఏ వస్తువునైనా ఉన్నచోటు నుంచి కదిలిస్తే దాన్ని వెనక్కి లాగేది ఒకటి ఉంటుంది, వెనక్కి వచ్చాక ఆగనివ్వకుండా అవతలికి తీసుకుపోయే బరువు ఒకటి ఉంటుంది. ఈ రెండింటి మధ్య గుంజులాటే ఊగడం, ఆ ఊగడం పక్కదానికి అంటుకుంటూ పోతే అల. డప్పు తోలులో వెనక్కి లాగేది బిగువు, గాలిలో పీడనం, కాలువలో గురుత్వాకర్షణ. అల వేగం కావాలంటే దాదాపు ఎక్కడైనా లాగేదాన్ని బరువుతో భాగించి వర్గమూలం తీస్తే చాలు. తీగకైతే బిగువును మీటరు తీగ ద్రవ్యరాశితో భాగించాలి. లోతు తక్కువ నీళ్ళలో అది గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి తీసిన వర్గమూలం అవుతుంది.

గాలికి ఈ లెక్క న్యూటనే వేశాడు, కానీ సెకనుకు 300 మీటర్ల లోపే తేలింది. అసలు వేగం 20 డిగ్రీల దగ్గర 343. అల పోతున్నప్పుడు నొక్కుకున్న గాలి కాస్త వేడెక్కుతుంది, ఆ వేడి పక్కకు పోయేంత టైం ఉండదు కాబట్టి పీడనాన్ని 1.4తో గుణించాలని 1816లో లాప్లాస్ సరిచేశాడు. ఫార్ములా తప్పు కాదు, లాగేది ఎంత గట్టిగా లాగుతుందన్నదే తక్కువగా పట్టారు. ఏ సమస్య వచ్చినా నేను ముందు అడిగేది ఇదే: ఇక్కడ లాగేది ఏది, బరువు ఏది?

ఎంత గణితం వచ్చి ఉండాలి?

ఇంటర్ ఎంపీసీ కాలిక్యులస్, త్రికోణమితి, సంకీర్ణ సంఖ్యలు గట్టిగా వస్తే మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాత అవకలన సమీకరణాలు, ముందు సాధారణం, తర్వాత పాక్షికం. మాత్రికలు కూడా కావాలి, వాటిలో ఐగెన్ విలువల అధ్యాయం పరీక్షకు చదివి వదిలేయకండి. ప్రతి వస్తువుకూ సొంతంగా ఊగే వేగాలు కొన్ని ఉంటాయి, అవే ఐగెన్ విలువలు.

డప్పును కొట్టే ముందు మంట దగ్గర ఎందుకు కాపుతారు?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. తోలులో చేరిన తేమను మంట తీసేస్తుంది, తోలు గుంజుకుంటుంది, బిగువు పెరుగుతుంది. స్వరం ఎత్తు బిగువు వర్గమూలంతో పెరుగుతుంది. అంటే స్వరం పది శాతం పెరగాలంటే బిగువు 21 శాతం పెరగాలి, రెట్టింపు కావాలంటే బిగువు నాలుగింతలు కావాలి. వానకాలంలో డప్పు 'బొద్దుగా' పలుకుతుందని కొట్టేవాళ్ళు అంటారు కదా, ఆ మాటలో ఉన్నది ఈ వర్గమూలమే.

అసలు అందం ఆ తర్వాత ఉంది. తీగను మీటితే దాని మూల స్వరంతో పాటు రెండింతలు, మూడింతలు, నాలుగింతల స్వరాలు సరిగ్గా పూర్ణాంకాల్లో వస్తాయి, అందుకే చెవికి ఒక శ్రుతిగా వినిపిస్తుంది. గుండ్రటి తోలు అలా కాదు. దాని సమీకరణం సాధిస్తే సైన్ల బదులు బెసెల్ ప్రమేయాలు (ఫంక్షన్లు) వస్తాయి, అవి సున్నా అయ్యే చోట్లు 2.405, 3.832, 5.136, 5.520. మొదటిదానితో భాగించి చూడండి: 1, 1.59, 2.14, 2.30. మొదటిది తప్ప ఒక్కటీ పూర్ణాంకం కాదు. అసలు డప్పులో తోలు తనతో పాటు గాలిని కూడా మోయాలి కాబట్టి ఇవి కొంచెం జరుగుతాయి, అయినా సమంగా రావు. అందుకే డప్పుకు 'సా' పట్టుకోవడం కష్టం, దానికి ఉన్నది దెబ్బ, ఊపు.

కుడిచేతి చిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. తోలు సొంతంగా ఊగే ఒక్కో తీరును మోడ్ అంటారు. సరిగ్గా నడిమధ్యన కొడితే మధ్యలో కదలిక లేని మోడ్లు ఒక్కటీ లేవవు, చుట్టూ సమంగా ఊగేవే లేస్తాయి. సన్నటి పుల్ల అంచు వైపు తగిలితే మిగతావన్నీ లేస్తాయి, పైగా ఆ పుల్ల తోలును తాకి ఉండే సమయం చాలా తక్కువ కాబట్టి పై స్వరాలకు ఎక్కువ బలం పోతుంది. చిర్ర 'ధన్' అంటే పుల్ల 'టక్' అంటుంది. ఏ బిందువు దగ్గర కొడితే ఏ మోడ్ ఎంత లేస్తుందో డప్పు కొట్టేవాళ్ళ చేతులకు ఎప్పుడో తెలుసు, మనం ఇప్పుడు కాగితం మీద రాసుకుంటున్నాం.

మరి మృదంగం శ్రుతిలో ఎలా పలుకుతుంది?

నడుమ పూసే నల్లటి ముద్ద (కరణం) వల్ల. మధ్యలో బరువు పెరిగితే ఐగెన్ విలువలు జరుగుతాయి, సరిగ్గా పూస్తే పూర్ణాంకాల దగ్గరికి వచ్చి కూర్చుంటాయి. దీన్ని కొలిచి చూపించింది సి.వి. రామన్, 1920లోనే.

పన్నెండు మెట్ల కిన్నెర గురించి కూడా చెప్పండి.

నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఈ ప్రశ్న ఎక్కువైంది. మెట్టు దగ్గర తీగను నొక్కితే ఊగే పొడవు తగ్గుతుంది, పొడవు సగమైతే స్వరం రెట్టింపు. తీగ ఒక్కటే ఊగితే అది గాలిని కదిలించేది చాలా తక్కువ, అంత సన్నటి తీగ చుట్టూ గాలి ఇటు నుంచి అటు జారిపోతుంది. వెదురు బొంగు ఆ వణుకును సొరకాయ బుర్రలకు అందిస్తుంది, బుర్ర వెడల్పు కాబట్టి గాలిని నెట్టగలదు.

ఫోరియర్ విశ్లేషణ అంటే ఒక్క మాటలో?

జల్లెడ. సన్నవడ్లు, దొడ్డువడ్లు, తాలు, మట్టిపెళ్ళలు కలిసిన కుప్పను జల్లెడ పట్టి వేరు చేసినట్లు కలగలిసిన చప్పుడును ఒక్కో స్వరంగా వేరు చేయడం. తీగ ఎలా ఊగుతుందన్న సమీకరణాన్ని 1747లో దాలంబేర్ రాశాడు. ఏ ఆకారమైనా సైన్ల మొత్తంగా వస్తుందని 1753లో డేనియల్ బెర్నూలీ అంటే ఆయిలర్, దాలంబేర్ ఇద్దరూ ఒప్పుకోలేదు. ఫోరియర్ వేడి ఎలా పాకుతుందో చూస్తూ 1807లో అదే మాట మళ్ళీ ఎత్తాడు, 1822లో పుస్తకం వేశాడు. అది ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదు అని తేల్చడానికే గణితంలో చాలా కొత్త దారులు పుట్టాయి.

చేతితో ఈ లెక్క చేస్తే 1024 కొలతలకు పది లక్షలకు పైగా గుణకారాలు. 1965లో కూలీ, టూకీ చూపించిన పద్ధతిలో సుమారు పది వేలతో అయిపోతుంది. (ఆ కిటుకు గౌస్ 1805 నాటికే రాసుకుని పెట్టుకున్నాడు.) మీ ఫోను మీ గొంతును గుర్తుపట్టేది దీనితోనే.

మిల్లులో మోటారు చప్పుడు విని ఏది చెడిందో చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఎక్కువ కనిపించే మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగేది. 60తో భాగిస్తే సెకనుకు 24, అంటే 24 హెర్ట్జ్. ఫోనును బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి వణుకు కొలిచి ఫోరియర్ చేస్తే, 24 దగ్గర ఒక్కటే పెద్ద శిఖరం ఉంటే తిరిగే భాగం బరువు ఒక పక్కకు ఉంది. 48 దగ్గర కూడా గట్టిగా ఉంటే రెండు షాఫ్టులు ఒకే గీతలో లేవేమో చూడాలి. 24కు పూర్ణాంక గుణిజం కాని ఎత్తైన స్వరాలు లేస్తే బేరింగ్ మీద అనుమానం. బెల్టుకు దాని సొంత లెక్క వేరే, బెల్టు పొడవును బట్టి. చాలా ఫోన్ల సెన్సర్ సెకనుకు కొన్ని వందల కొలతలకు మించి తీసుకోదు, అందుకే బేరింగ్ స్వరాలకు మైకు వాడండి.

మోటారు కింద రబ్బరు పెడితే వణుకు తగ్గుతుంది కదా?

తగ్గొచ్చు, పెరగనూవచ్చు. మా దోస్తు పనిచేసే ఒక మిల్లులో గట్టి రబ్బరు ముక్కలు పెట్టారు, పెట్టిన రోజే గోడ మీది స్టార్టర్ డబ్బా దడదడలాడటం మొదలైంది. రబ్బరు చెడ్డదనుకున్నారు. లెక్క ఇదీ: మోటారు బరువుకు రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు అణిగిందో కొలవండి, దానికి వర్గమూలం తీయండి, 15.8ని దానితో భాగించండి. అది ఆ మోటారు, రబ్బరు కలిసి సొంతంగా ఊగే హెర్ట్జ్. అక్కడ అణిగింది అర మిల్లీమీటరు. 15.8ని 0.707తో భాగిస్తే 22.3. మోటారు తిరిగేది 24! ఊగుతున్న ఉయ్యాలను సరిగ్గా దాని టైంకే తోస్తున్నట్లు.

వణుకు నిజంగా తగ్గడం మొదలయ్యేది మోటారు వేగం సొంత వేగానికి 1.414 రెట్లు దాటాకనే. అంటే సొంత వేగం 17 కంటే కిందికి రావాలి, దానికి 0.9 మిల్లీమీటరు దాకా అణగాలి. 4 మిల్లీమీటర్లు అణిగే స్ప్రింగులు పెడితే సొంత వేగం 7.9, నిష్పత్తి సుమారు 3, నేలకు అందే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు, ఆగేటప్పుడు ఆ 7.9ని దాటుతూ ఒక్క క్షణం ఊగుతుంది, దానికి భయపడనక్కరలేదు. రబ్బరు కదలికలో ఉన్నప్పుడు కొలిచినదానికంటే గట్టిగా ప్రవర్తిస్తుంది, కాబట్టి రబ్బరుకైతే కొంచెం ఎక్కువ జాగా వదలండి.

సాగర్ కాలువకు నీళ్ళు వదిలారంటే మా ఊరికి ఎప్పుడు వస్తాయి?

ప్రతి ఖరీఫ్‌లో మా అన్న నన్ను అడిగేది ఇదే, కాలువ నీళ్ళు చూసుకునే లష్కర్‌ను అడిగితే నాకంటే బాగా చెబుతాడు. కానీ లెక్క తెలిస్తే ఎందుకు ఆలస్యమవుతుందో అర్థమవుతుంది. ఇక్కడ మూడు వేర్వేరు వేగాలున్నాయి, జనం ఒక్కటే అనుకుంటారు.

మొదటిది నీటి వేగం. దానికి 1889లో మానింగ్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ ప్రతి ఇరిగేషన్ ఆఫీసులో వాడతారు. వెడల్పైన కాలువకు లోతును మూడింట రెండో ఘాతానికి ఎత్తి, వాలు వర్గమూలంతో గుణించి, కాలువ గరుకుతనం అంకెతో భాగించాలి. నేర్చుకోవడానికి అంకెలు వేద్దాం (ఇవి సాగర్ కాలువ కొలతలు కావు): లోతు 3 మీటర్లు, పదివేల మీటర్లకు ఒక మీటరు వాలు, మట్టి కాలువ గరుకుతనం 0.025. లోతు వాటా 2.08, వాలు వాటా 0.01. నీటి వేగం సెకనుకు 0.83 మీటరు. సిమెంట్ లైనింగ్ చేసి గరుకుతనం 0.015కు తెస్తే 1.39. నాచు, తుంగ పెరిగితే గరుకుతనం పెరుగుతుంది, చివరి ఆయకట్టు రైతు మొత్తుకునేది దీని గురించే.

రెండోది మట్టం పెరిగిన వార్త పోయే వేగం. కాలువలో నీళ్ళు పారుతున్నప్పుడు పైన ఇంకొంచెం వదిలితే ఆ పెరుగుదల నీటికంటే ముందు పోతుంది. మానింగ్ సూత్రంతో ప్రవాహాన్ని లోతుకు అవకలనం చేయండి, నీటి వేగానికి మూడింట అయిదు రెట్లు వస్తుంది. మన అంకెలకు సెకనుకు 1.39 మీటర్లు, గంటకు 5 కిలోమీటర్లు, రోజుకు 120. నీరు స్వయంగా రోజుకు 72 కిలోమీటర్లే పోతుంది. కృష్ణలో వరద వచ్చేటప్పుడు జూరాల కింద శిఖరం నీటికంటే వేగంగా కదిలేది ఇందుకే, రిజర్వాయర్ వచ్చిందంటే మాత్రం కథ మారిపోతుంది.

మూడోది గేటు దభాలున ఎత్తితే పుట్టే చిన్న అల. 9.8ని 3తో గుణించి వర్గమూలం తీస్తే సెకనుకు 5.4 మీటర్లు, దానికి నీటి వేగం కలుపుకోవాలి. అది అందరికంటే ముందు పోతుంది, కానీ దారిలోనే అరిగిపోతుంది.

ఇక ఎండిపోయిన కాలువకు మొదటి తడి వేరు. నెర్రెలు తాగాలి, గుంతలు నిండాలి, మేజర్లు, మైనర్లు (పెద్ద, చిన్న పిల్ల కాలువలు) పంచుకోవాలి. అక్కడ ఈ మూడు వేగాల్లో ఏదీ పనికిరాదు, ఇంకిన నీటిని కూడా కలిపి నిత్యత్వ సమీకరణం, అంటే వచ్చిన నీటికీ పోయిన నీటికీ జమాఖర్చు, రాయాలి.

ఈ లెక్క ట్రాఫిక్‌కు కూడా వర్తిస్తుందట, నిజమా?

నిజం. లైట్‌హిల్, విథమ్ 1955లో రెండు వ్యాసాలు వేశారు, మొదటిది నదుల్లో వరదల మీద, రెండోది రోడ్డు మీది వాహనాల మీద. సంక్రాంతికి హైదరాబాద్–విజయవాడ రోడ్డులో చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు గుర్తు తెచ్చుకోండి. బండ్లు పలచగా ఉంటే, బండ్లు పెరిగేకొద్దీ గంటకు దాటేవీ పెరుగుతాయి. కిక్కిరిశాక బండ్లు పెరిగేకొద్దీ దాటేవి తగ్గుతాయి. రోడ్డు మీది బండ్లకు ఎదురుగా గంటకు దాటేవాటిని గీస్తే వచ్చే వక్రరేఖ వాలే అల వేగం, వాలు రుణం అయితే అల వెనక్కి నడుస్తుంది. కార్లు విజయవాడ వైపు జరుగుతుంటాయి, జామ్ మాత్రం గంటకు 15-20 కిలోమీటర్ల చొప్పున హైదరాబాద్ వైపు పాకుతుంది. ముందు ఏ యాక్సిడెంటూ లేకుండానే మీరు ఆగిపోయి, మళ్ళీ ఎందుకో కదులుతారు కదా, ఆ అల మీ మీదుగా వెనక్కి పోయిందన్నమాట.

బత్తాయి తోటలో డ్రిప్ చివరి చెట్టుకు నీళ్ళు తక్కువ పడుతున్నాయి. పైపు మార్చాలా?

ముందు లెక్క. లాటరల్ (డ్రిప్పర్లు ఉండే సన్న పైపు) లోపలి వ్యాసం 14 మిల్లీమీటర్లు, మొదట్లో నీటి వేగం సెకనుకు అర మీటరు అనుకుందాం. అది గంటకు దాదాపు 277 లీటర్లు, నాలుగు లీటర్ల డ్రిప్పర్లు 69 దాకా నడుస్తాయి. రెనాల్డ్స్ సంఖ్య అంటే వేగాన్ని వ్యాసంతో గుణించి నీటి చిక్కదనంతో భాగించడం, నీళ్ళకు పది లక్షలో వంతు వేయండి: 7000. రెనాల్డ్స్ 1883లో గాజు గొట్టంలో రంగు వదిలి చూపించినదాని ప్రకారం 2000 పైన నీరు సుడులు తిరగడం మొదలుపెడుతుంది. మన పైపు మొదట్లో సుడులే. కానీ ప్రతి డ్రిప్పర్ దగ్గరా కొంత నీరు బయటికి పోతుంది, కాబట్టి చివరి ఇరవై డ్రిప్పర్ల దగ్గరికి వచ్చేసరికి అదే పైపులో నీరు నెమ్మదించి పొరలు పొరలుగా పారుతుంది. ఒకే పైపు, రెండు రకాల ప్రవాహం!

రాపిడి నష్టం వేగం వర్గంతో పెరుగుతుందనుకోండి. నీరంతా చివరిదాకా పోయి ఉంటే ఎంత నష్టమో, దారిపొడవునా సమంగా తగ్గిపోతే అందులో మూడో వంతే. ఒకటి మైనస్ ఎక్స్ మొత్తాన్ని వర్గం చేసి సున్నా నుంచి ఒకటి దాకా సమాకలనం చేయండి, మూడో వంతు వస్తుంది, అంతే. అంటే పొడవు అసలు దోషి కాకపోవచ్చు. వ్యాసం మీద మాత్రం నష్టం అయిదో ఘాతంతో ఉంటుంది, అదే నీటికి వ్యాసం సగమైతే నష్టం 32 రెట్లు. పైపు లోపల పేరుకున్న సున్నం వ్యాసాన్ని ఎంత తిన్నదో చూడండి, మన బోరు నీళ్ళ సంగతి తెలిసిందే. మామూలు డ్రిప్పర్ ఇచ్చే నీరు పీడనం వర్గమూలంతో పోతుంది కాబట్టి పీడనం 20 శాతం పడితే నీరు పదకొండు శాతమే తగ్గుతుంది. చివరి చెట్టుకు సగమే పడుతుంటే అది పొడవు వల్ల కాదు, ఎక్కడో పూడిక ఉంది. ముందు ఎండ్ క్యాప్ తీసి లైను కడగండి.

కరెంటు పోగానే పైపులైను 'ధడ్' మని కొట్టుకుంటుంది. ప్రమాదమా?

ప్రమాదమే. మా అన్న బాయి దగ్గర ఎన్‌ఆర్‌వీ (నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) పగిలి సగం తోటకు రెండు రోజులు నీళ్ళు ఆగాయి. పారే నీటిని ఒక్కసారి ఆపితే ఆగిన వార్త పైపులో ధ్వని వేగంతో పోతుంది. పెరిగే పీడనం అంటే నీటి సాంద్రత, ఆ ధ్వని వేగం, ఆగిన నీటి వేగం, ఈ మూడింటి లబ్ధం. 1898లో జుకోవ్‌స్కీ మాస్కో నీటి పైపుల మీద చూసి చెప్పాడు. ఇనుప పైపులో ఆ అల వేగం 1200 దాకా ఉంటుంది, నీరు సెకనుకు మీటరున్నర వేగంతో పోతుంటే 18 బార్లు ఎగురుతుంది, అది 180 మీటర్ల ఎత్తు నీళ్ళు మీద పడ్డంత. పీవీసీ సాగుతుంది కాబట్టి అందులో అల వేగం 400 దగ్గర, పెరుగుదల 6 బార్లు.

వాల్వును మెల్లగా తిప్పితే ఇంత రాదు. 'మెల్లగా' అంటే ఎంత? అల చివరిదాకా పోయి తిరిగొచ్చే టైం కంటే ఎక్కువ. 300 మీటర్ల పీవీసీకి ఒకటిన్నర సెకను, దానికి చాలా రెట్లు తీసుకోండి. కరెంటు పోవడం మన చేతిలో లేదు కాబట్టి గట్టిగా కొట్టుకునే లైనుకు ఎయిర్ వెసెల్ (దెబ్బను మింగే గాలి డబ్బా) పెట్టుకోవడమే మేలు.

క్వారీ బ్లాస్టింగ్‌తో గోడలు పగులుతున్నాయంటే లెక్కతో తేల్చొచ్చా?

కొలిచి తేల్చొచ్చు. నేల కణం ఎంత వేగంతో ఊగిందన్నది సెకనుకు మిల్లీమీటర్లలో కొలుస్తారు. గనుల భద్రత డైరెక్టరేట్ 1997 సర్క్యులర్‌లో ఊరి ఇళ్ళకు 8 హెర్ట్జ్ లోపు 5, 8 నుంచి 25 దాకా 10, ఆ పైన 15 అని హద్దులున్నాయి. ఫ్రీక్వెన్సీతో హద్దు ఎందుకు పెరుగుతుంది? వేగాన్ని 6.28 తోనూ ఫ్రీక్వెన్సీ తోనూ భాగిస్తే ఎంత దూరం ఊగిందో వస్తుంది. 8 దగ్గర 5కు వేయండి, 25 దగ్గర 15కు వేయండి, రెండింటికీ మిల్లీమీటరులో పదో వంతు దగ్గరే. పైగా చిన్న ఇళ్ళ సొంత ఊపు కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది.

దూరాన్ని ఒక్కసారి పేలే మందు బరువు వర్గమూలంతో భాగించి, కొలతలన్నీ లాగ్–లాగ్ కాగితం మీద పెడితే సుమారుగా సరళరేఖ మీద పడతాయి. అంటే ఒక్కో డిలేకు (కొద్ది తేడాతో పేలే ఒక్కో విడతకు) పేలే మందును నాలుగో వంతు చేస్తే ఇల్లు రెండింతల దూరం జరిగినట్లే. మొత్తం మందు ఎంత అని కాదు, ఒక్క క్షణంలో ఎంత అని అడగండి.

రెండు డీజే బాక్సులు పెడితే చప్పుడు రెట్టింపా?

శక్తి రెట్టింపు, డెసిబెల్స్‌లో మూడే పెరుగుతాయి. ఆరుబయట దూరం రెట్టింపైతే ఆరు తగ్గుతాయి. నివాస ప్రాంతాల హద్దు పగలు 55, రాత్రి 45, రాత్రి అంటే పది నుంచి ఆరు. బాక్సు పక్కన 100 ఉంటే మీటరు నుంచి 64 మీటర్లకు పోయినా 64 దాకా ఉంటుంది. పిల్లల చెవుల దగ్గర ఈ లెక్క తప్పకుండా వేయండి.

చేన్లలో కరెంటు తీగలు పాడుతుంటాయి, అది కరెంటు చప్పుడేనా?

రెండూ ఉండొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ హమ్ 100 హెర్ట్జ్, ఎప్పుడూ మారదు, సరఫరా 50కి రెట్టింపు. గాలి పాట మారుతుంది: గాలి వేగాన్ని తీగ మందంతో భాగించి 0.2తో గుణిస్తే తీగ వెనక సుడులు విడిపడే వేగం. పది మిల్లీమీటర్ల తీగ, సెకనుకు 4 మీటర్ల గాలి, 80 హెర్ట్జ్. గాలి ఎక్కువైతే స్వరం లేస్తే అది గాలి పాట.

నేవియర్–స్టోక్స్ సమీకరణాలు ఎవరూ సాధించలేదంటారు, మరి నాగార్జునసాగర్ ఎలా కట్టారు?

నీరు, గాలి ఎలా పారతాయో చెప్పేందుకు నేవియర్ 1822లో, స్టోక్స్ 1845లో రాసిన ఆ సమీకరణాలకు మూడు దిక్కుల్లోనూ ఎప్పటికీ చక్కటి సాధన ఉంటుందా అన్నది తేలలేదు, 2000లో పది లక్షల డాలర్ల బహుమతి పెట్టారు. కానీ కట్టేవాళ్ళకు ప్రతి సుడి అక్కరలేదు. సాగర్ పునాది రాయి 1955లో, కాలువలకు నీళ్ళు 1967లో, 124 మీటర్ల ఎత్తు రాతి కట్టడం, 26 గేట్లు. నీరు వంద మీటర్లు జారిందనుకుంటే శక్తి నిత్యత్వంతోనే సెకనుకు 44 మీటర్లు, గంటకు 160 కిలోమీటర్లు అని తెలుస్తుంది. ఆ శక్తిని నదీగర్భాన్ని తవ్వకుండా ఎక్కడ ఖర్చు చేయించాలన్నదే ఇంజనీర్ల దిగులు. దానికి నమూనాలు కడతారు. వందో వంతు నమూనాలో ఫ్రూడ్ సంఖ్య (నీటి వేగాన్ని అల వేగంతో భాగిస్తే వచ్చేది) సమానంగా ఉంచితే వేగం పదో వంతు, ప్రవాహం లక్షో వంతు.

ఆ శక్తి ఖర్చయ్యే దృశ్యం చూడాలంటే చెరువు మత్తడి దుంకుతున్నప్పుడు కిందికి దిగి చూడండి. నున్నగా, పలచగా జారిన నీరు ఒక్కచోట లేచి తెల్లగా నురగ కక్కుతుంది. అక్కడ నీటి వేగం అల వేగం కంటే ఎక్కువ నుంచి తక్కువకు దిగింది. ఇంట్లో నల్లా కింద బోర్లించిన ప్లేటు మీద కూడా గుండ్రటి అంచుగా కనిపిస్తుంది, లోపల అద్దంలా, బయట మందంగా.

ఇవన్నీ కంప్యూటర్‌లో వేస్తే పోదా?

వేయండి, పైథాన్ ఉచితం, ప్రవాహాల లెక్కలు వేసే ఓపెన్‌ఫోమ్ ఉచితం. కానీ కాగితం మీద సుమారు జవాబు రాకముందు వేయొద్దని నా పిల్లలకు గట్టిగా చెబుతాను. 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ చెప్పిన ఒక షరతు ఉంది: మామూలు ముందడుగు పద్ధతిలో, ఒక్క అడుగు సమయంలో అల ఒక గడిని దాటకూడదు. పైన చెప్పిన కాలువను వంద మీటర్ల గడులుగా కోస్తే అల, నీరు కలిపి సెకనుకు 6.2 మీటర్లు, కాబట్టి అడుగు 16 సెకన్లు దాటకూడదు. నిమిషం పెడితే కంప్యూటర్ ఊరుకోదు, కాలువలో కొండంత అలలు చూపిస్తుంది. మానింగ్ సూత్రం చేత్తో వేసిన పిల్లకు అది తప్పని చూడగానే తెలుస్తుంది.

ప్రాజెక్టు చేయాలి, మా కాలేజీలో ల్యాబు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బిందె దగ్గర. మా నాయనమ్మ నల్లా కింద బిందె పెట్టి పొయ్యి దగ్గరికి పోయేది, చప్పుడు సన్నబడగానే వచ్చి తీసేది, ఒక్క చుక్క కింద పడేది కాదు. మూతి దగ్గరి గాలి బరువు, కడుపులో మిగిలిన గాలి స్ప్రింగు. నీళ్ళు నిండేకొద్దీ గాలి తగ్గి స్ప్రింగు గట్టిపడుతుంది. గాలి నాలుగో వంతుకు తగ్గితే స్వరం రెట్టింపు. పదిహేను లీటర్ల స్టీలు బిందె, మూతి వ్యాసం పది సెంటీమీటర్లు అయితే ఖాళీగా ఉన్నప్పుడు 125 హెర్ట్జ్ దగ్గర, ముప్పావు నిండితే 250 దగ్గర రావాలి.

ఫోనులో ఫైఫాక్స్ యాప్ వేసుకోండి, అందులో ఆడియో స్పెక్ట్రమ్ ఉంది. బిందెలో లీటరు లీటరు పోస్తూ ప్రతిసారీ మూతి మీద అరచేత్తో మెల్లగా తట్టి శిఖరం ఎక్కడ లేచిందో రాసుకోండి. పక్కన లోహం మీద తట్టకండి, అది వేరే స్వరం, నీళ్ళు పోసేకొద్దీ పెరగదు, తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ నీరు గోడకు బరువవుతుంది. అది రెండో ప్రాజెక్టు.

తర్వాత ఫ్రీక్వెన్సీని వర్గం చేసి ఒకటిని దానితో భాగించండి, పోసిన లీటర్లకు ఎదురుగా గ్రాఫు గీయండి. చుక్కలు కిందికి దిగే సరళరేఖ మీద పడాలి. మెడ దగ్గరికి నీరు వచ్చాక చివరి ఒకటి రెండు చుక్కలు గీత వదిలేస్తాయి, వాటిని పక్కనపెట్టి మిగతావాటికి స్కేలు పెట్టి గీత పొడిగించండి. అది కింది అక్షాన్ని ఎక్కడ తాకుతుందో చూడండి, మీ బిందె కడుపు ఎన్ని లీటర్లదో అక్కడ ఉంటుంది.